నకలు అని రాసిన చెయ్యి

తాడేపల్లిగూడెం నుంచి ఫోను వచ్చేసరికి నేను ఏలూరులో మా ఇంటి వరండాలో కూర్చుని పేపరు మడతపెడుతున్నాను. రామశేషయ్యగారు పోయారండీ అన్నది అవతలి గొంతు. ఏ రామశేషయ్యగారు అని అడిగాను. నేనెరిగిన రామశేషయ్యగారు ఒక్కరే, అయినా అడిగాను. మనసు ఒప్పుకోని వార్తను చెవి కూడా ఒప్పుకోదు కాబోలు. ఉదయం మొక్కలకు నీళ్ళు పోసి అరుగు మీద కూర్చున్నారట. కాఫీ తెచ్చి పిలిస్తే పలకలేదట. అనాయాస మరణం పుణ్యాత్ములకే ప్రాప్తమని అవతలి మనిషి అంటూనే ఉన్నాడు. ఆ మాట నన్ను ఓదార్చలేదు సరికదా, ఒళ్ళు మండించింది. వచ్చే ఆదివారం వస్తానని ఆయనతో చెప్పి వారమన్నా కాలేదు. ఇంకెవరికోసం వెళ్ళాలి నేను?

దొరికిన పాసింజరు ఎక్కాను. భీమడోలు దాటాక కిటికీలోంచి ఆకుమళ్ళు కనిపించాయి. అప్పటికి గాని నాకు కన్నీళ్ళు రాలేదు.

ఆయన్ని ఎరగని పాఠకుల కోసం చెబుతున్నాను. కీర్తిశేషులు రామశేషయ్య మాస్టారు మా హైస్కూల్లో డ్రాయింగు ఉపాధ్యాయులు. నేను అదే బడిలో తెలుగు పండితుణ్ణి. స్టాఫ్ రూములో ఒకే బల్లకు చెరోపక్కన కూర్చుని ఉద్యోగాలు వెళ్ళదీసినవాళ్ళం. ఆయన సాత్వికుడు, మితభాషి, శాకాహారి. పిల్లల్ని కొట్టడానికి బెత్తం కాదుగదా, స్కేలు కూడా ఎత్తి ఎరగరు. ఇంతటి మృదుస్వభావికి ఉన్న ఏకైక వ్యసనం రివాల్వర్లు. అవునండీ, రివాల్వర్లే. గుర్రాల మీద తిరిగే టోపీ మనుషులు తొడకు తగిలించుకునే, పొడుగు గొట్టపు, ఆరుగుళ్ళ అమెరికా రివాల్వర్లు. వాటినీ, వాటి నకళ్ళనూ సేకరించడమే ఆయన జీవితకాల తపస్సు.

దీనికి బీజం ఏలూరులో ట్రెయినింగు చదివేటప్పుడు పడిందట. ఆదివారాలు అక్కడి సినిమాహాల్లో ఇంగ్లీషు బొమ్మలు వేసేవారు. తక్కినవాళ్ళు కథ చూస్తే ఈయన కథానాయకుడి నడుము చూసేవారు. పిడి వంపు ఎలా తిరిగింది, గుళ్ళు పెట్టే చక్రం మీద గాళ్ళు ఎలా పడ్డాయి, వెనక బొటనవేలితో లాగే ముక్క ఎంత పొడుగుంది, ఇవీ ఆయన చూసినవి. ఆ ముక్కని మన పెద్దలు గుర్రం అనేవారని ఆయనకు చెప్పినవాణ్ణి నేను. ఆ మాట విని ఆయన చిన్నపిల్లాడిలా సంబరపడ్డారు. "చూశారా మాస్టారూ, ఆ దేశంలో గుర్రం మీద మనిషి, మనిషి దగ్గర తుపాకీ. మన భాషలో తుపాకీ మీదే గుర్రం" అని ఆ రోజంతా కనిపించినవారందరికీ చెప్పారు.

ఆయన ముందుగదిలో గోడకు అద్దాల బీరువా ఒకటి ఉండేది. అందులో కొక్కేలకు వేలాడుతూ రకరకాల రివాల్వర్లు. ఇటలీలో పోతపోసిన నకలు ఒకటి, కాకినాడ రేవులో ఓడ దిగిన మనిషి దగ్గర సంపాదించింది. మద్రాసు సినిమావాళ్ళు వాడి పారేసిన రబ్బరుది ఒకటి. సిగరెట్లు ముట్టించే లైటరు ఒకటి. దీపావళికి రీలు పెట్టి పిల్లలు టపటపలాడించేవి కొన్ని. బొమ్మలు చేసే పొణికి కర్రతో తానే చెక్కి, నల్లరంగు వేసి, ఎండకు పగిలితే లక్కతో అతికించుకున్నది ఒకటి. ప్రతిదాని మెడలోనూ దారంతో కట్టిన అట్టముక్క చీటీ. చీటీ మీద ముత్యాల్లాంటి అక్షరాలతో, చిక్కని నల్లసిరాతో ఒకే మాట: నకలు.

రబ్బరుదానికి ఆ చీటీ ఎందుకండీ, గుడ్డివాడికైనా తెలుస్తుంది కదా అని నేను వేళాకోళమాడితే ఆయన తల అడ్డంగా ఊపేవారు. "తెలిసినవాడికి చీటీ ఎందుకండీ. తెలియనివాడు ఒక్కడొచ్చినా, వాడికి మన ఇంట్లో అబద్ధం తగలకూడదు" అనేవారు. వారి ధర్మపత్ని మహాలక్ష్మమ్మగారు చమత్కారి. మా వారిని ఇలా వదిలేస్తే నా గిల్టు గొలుసుకీ చీటీ కడతారు అన్నయ్యగారూ అని నవ్వేవారు. నిజంగానే ఒక పెళ్ళికి వెళుతుంటే ఆయన ఆ గొలుసుకేసి ఆలోచనగా చూశారని ఆవిడ చెప్పగా విన్నాను.

ఆ బీరువా మధ్యన, చీటీ లేకుండా వేలాడేది ఒక్కటే. అది అసలుది. కాలువలు తవ్వించిన ఇంజనీరు దొర దేశానికి వెళ్ళిపోతూ, తన దగ్గర గుమాస్తాగా చేసిన మాస్టారి తాతగారికి ఇచ్చి వెళ్ళినది. తండ్రిగారి హయాంలో దాని గొట్టంలో సీసం పోయించి, గుర్రం ముక్కు అరగదీయించి, ఇక పేలదని సర్కారు కాగితం కూడా పుట్టించారు. పేలదు గాని అసలుదే. పిడి మీది కొమ్ము పసుపుపచ్చగా మాగి, అరచేతిలో పెట్టుకుంటే చల్లగా, నిండుగా ఉండేది. దీనికి చీటీ కట్టలేదేమని అడిగితే, నిజానికి చీటీ ఏమిటండీ అనేవారు. ఆయన ముఖంలో గర్వం అనేది నేను చూసింది ఆ ఒక్క కొక్కెం దగ్గరే. దసరాకి ఆయుధపూజ నాడు నకళ్ళన్నిటికీ పళ్ళెంలో కలిపి కుంకుమ వేసి, దానికి మాత్రం వేలితో విడిగా బొట్టు పెట్టేవారు. చుట్టుపక్కల ఊళ్ళ నుంచి మనుషులు వచ్చేది దానికోసమే. పక్క జిల్లా కలెక్టరుగారు కూడా ఒకసారి చూసి వెళ్ళారు.

ఊరన్నాక ఊరుకుంటుందా. మన భాషలో తుపాకీ రాముడంటే కోతలు కోసేవాడు. ఈయన పేరులో రాముడున్నాడు, ఇంట్లో తుపాకులున్నాయి, ఇంకేం కావాలి. అసత్యమాడని మనిషికి కోతలరాయుడి బిరుదు తగిలించారు. ఈ అన్యాయం మీద నేను బజార్లో ఒకరిద్దరితో పోట్లాట కూడా పెట్టుకున్నాను. ఆయన మాత్రం రాముడన్నారుగా, సంతోషమే కదండీ అని నన్నే శాంతింపజేశారు.

ఎన్నికలు ప్రకటిస్తే లైసెన్సు తుపాకులున్నవాళ్ళు వాటిని పోలీసు స్టేషనులో అప్పగించాలన్నది అందరికీ తెలిసిన నిబంధనే. ఆ నిబంధనకు మా మాస్టారు ఇచ్చిన గౌరవం మరెవరూ ఇచ్చి ఉండరు. చాటింపు వినగానే బీరువా ఖాళీచేసి, రబ్బరుదీ, లైటరూ, రీళ్ళవీ సహా అన్నీ గుడ్డసంచీలో సర్ది, ఆటో కట్టించుకుని స్టేషనుకు వెళ్ళేవారు. అప్పగించి రసీదు ఇమ్మనేవారు. మొదటిసారి స్టేషనంతా పగలబడి నవ్విందట. ఆ తరువాతి ఎన్నికలకు నేనూ ఆయన వెంట వెళ్ళాను. అప్పుడు కొత్తగా వచ్చిన కుర్ర ఎస్సై ఒకాయన కుర్చీ వేసి, మర్యాదగానే, ఇవన్నీ బొమ్మలు కదా మాస్టారూ, ఎందుకండీ మీకీ శ్రమ అన్నాడు.

మాస్టారు సంచీ బల్లమీద పెట్టి నెమ్మదిగా చెప్పారు. "బొమ్మలేనండీ. కానీ బెదిరేవాడికి ఆ సంగతి తెలియదు కదండీ. వాడి గుండె అసలుదే."

ఆ ఎస్సై నవ్వలేదు. ఒక్కొక్కటీ చూసి రసీదు రాయించాడు. చీటీలేని దాని దగ్గర ఆగి కాగితం చదివి, రెండు చేతులతో తిరిగి సంచీలో పెట్టాడు. మీ చీటీ ఉంటే ఇక నేను విప్పి చూడక్కర్లేదండీ అని కూడా అన్నాడు. ఈ మాట పాఠకులు గుర్తుపెట్టుకోవాలి.

ఇప్పుడు నేను చెప్పబోయేది ఇంతవరకూ నా భార్యకు కూడా చెప్పలేదు.

కొల్లేటిలో చేపల చెరువుల గట్లు సర్కారు కొట్టించిన వేసవి అది. లంకల్లో మనుషులు నిద్రాహారాలు మానేశారు. ఏ చెరువు గట్టు ఏ రోజు తెగుతుందో, తెగినప్పుడు అందులో చేప ఎవరి వలలో పడాలో, దానిమీద ఊరికీ ఊరికీ మధ్య కర్రలు లేచాయి. మా దగ్గర చదువుకున్నవాడే, నాగేశ్వరరావని, ఒక లంకలో కాపురం. బడిలో ఉండగా కొంగల బొమ్మలు అద్భుతంగా వేసేవాడు. వాడు ఆ రోజుల్లో ఒక మధ్యాహ్నం మాస్టారింటికి వచ్చాడు. పాదాలకు దణ్ణం పెట్టాడు. పొరుగూరివాళ్ళు మా చెరువు మీదికి వస్తామంటున్నారు, బెదిరించడానికి ఒక్కరోజు ఒక తుపాకీ ఇవ్వండి, బొమ్మదైనా సరేనండీ అని అడిగాడు. మాస్టారు ఇవ్వనన్నారు. వాడు తలవంచుకుని కాఫీ తాగి వెళ్ళిపోయాడు. సాయంత్రం దీపం పెట్టే వేళకు మహాలక్ష్మమ్మగారు చూస్తే బీరువాలో మధ్య కొక్కెం ఖాళీగా ఉంది.

అప్పట్లో పక్కింటివాణ్ణి కనుక నన్ను పిలిచారు. పోలీసులకు చెబుదామన్నాను. "చెబితే వాణ్ణి తీసుకుపోతారండీ. చెప్పకపోతే ఎదుటివాళ్ళు వాణ్ణి చంపుతారు. మనమే వెళ్ళాలి" అన్నారు మాస్టారు. మర్నాడు మొదటి బస్సుకు బయలుదేరాం. భీమడోలులో దిగి ఆటో, ఆటో దిగి దోనె. నాకు నీళ్ళంటే భయం. దోనె అంచు పట్టుకుని రాముణ్ణి తలుచుకుంటూ కూర్చున్నాను. మాస్టారు ఎదురుగా కూర్చుని నీటిలోకి చూస్తున్నారు. ఇక్కడ ఇంకో సంగతి చెప్పాలి. ఆ పై వారమే హైదరాబాదు నుంచి ఒక మ్యూజియం అధికారి ఆ అసలు రివాల్వరును చూడటానికి రావలసి ఉంది. నచ్చితే అద్దాలపెట్టెలో పెట్టి, కింద మాస్టారి పేరూ, వారి తాతగారి పేరూ రాస్తామని మాటిచ్చారు. ఆయన బతుక్కంతా దక్కబోయే గుర్తింపు అది ఒక్కటే. పోయింది కదండీ అన్నాను దోనెలో. ఆయన దోనెవాణ్ణి ఇంకా ఎంత దూరమని అడిగారు.

మేము వెళ్ళేసరికి గట్టుమీద అటు వందమంది, ఇటు వందమంది, మధ్యన పోలీసులు. నాగేశ్వరరావు చెయ్యి ఒక ఎస్సై గుప్పిట్లో ఉంది. ఎస్సై రెండో చేతిలో మా బీరువాలోది మెరుస్తోంది. అవతలివాళ్ళు అసలు తుపాకీ అండీ, మమ్మల్ని కాల్చబోయాడు, కేసు పెట్టండి, పెట్టకపోతే మేమే తేల్చుకుంటాం అని గోల చేస్తున్నారు. ఇవతలివాళ్ళు కర్రలు బిగించారు. గట్టుచివర నాగేశ్వరరావు భార్య చంకన ఒక పిల్ల, పక్కన ఇంకో పిల్లతో నిలబడి ఉంది. ఆ ఎస్సై ఎవరో చూద్దును కదా, మా స్టేషనులో రసీదు రాయించిన ఆయనే. బదిలీ మీద అక్కడికి వచ్చాడు.

ఆయన మాస్టారిని చూసి ఊపిరి పీల్చుకున్నట్టే అయ్యాడు. అందరికీ వినబడేలా గొంతెత్తి అడిగాడు. "మాస్టారూ, ఇది అసలుదా, నకలా? మీరు చెప్పండి. మీరు చెబితే నేను విప్పి చూడక్కర్లేదు."

నేను మాస్టారి ముఖంలోకి చూశాను. అసలుదే అంటే ఆ అలజడి రోజుల్లో పేలే తుపాకీ, పేలని తుపాకీ అన్న తారతమ్యం ఎవరూ చూడరు. నాగేశ్వరరావు జైలుకు, గట్టు రక్తపాతానికి. కానీ ఆ నోరు అబద్ధం ఎరగదు. రబ్బరుబొమ్మకు చీటీ కట్టిన మనిషి.

మాస్టారు కళ్ళజోడు తీసి పంచెతో తుడుచుకుని పెట్టుకున్నారు. "నకలేనండీ" అన్నారు. ఒక్క క్షణం ఆగి మళ్ళీ, "నేనే ఇచ్చానండీ, పిల్లలకి చూపించుకుంటాడని" అన్నారు.

మొదటి అబద్ధం తుపాకీని గురించి, రెండోది తనను గురించి. అవతలి గుంపులోంచి ఎవరో కిసుక్కున నవ్వారు. బొమ్మ తుపాకీకా ఇంత గోల అన్నారొకరు. నవ్వు అటునుంచి ఇటు పాకింది. నవ్విన చేతుల్లో కర్రలు నిలవలేదు. ఎస్సై నాగేశ్వరరావును రెండు తిట్లు తిట్టి వదిలేశాడు. రివాల్వరును మాస్టారి చేతిలో పెడుతూ, అరచేతిలో ఒకసారి ఎగరేసి పట్టుకుని, బొమ్మ అయినా బరువుగానే ఉందండీ మాస్టారూ అన్నాడు.

"మంచి నకళ్ళు బరువుగానే ఉంటాయండీ" అన్నారు మాస్టారు.

ఎస్సై నమస్కారం పెట్టాడు. అది ఎందుకు పెట్టాడో అప్పుడూ ఇప్పుడూ నాకు తెలుసు.

తిరుగు ప్రయాణంలో భీమడోలులో సోడా తాగించబోతే వద్దన్నారు. ఇంటికి వెళ్ళగానే కాళ్ళు కడుక్కుని, అట్టముక్క కత్తిరించి, సిరాబుడ్డి మూత తీశారు. అదే దస్తూరి, అదే మాట. దారం ముడి వేసి, దాన్ని మధ్య కొక్కేనికే తగిలించి, బీరువా తలుపు వేశారు. మ్యూజియం ఆయనకు రావద్దని కబురు చేశారు.

వార్త మాకన్నా ముందే ఊరు చేరింది. తుపాకీ రాముడి అసలు తుపాకీ నకలట, ఇన్నేళ్ళూ కలెక్టరుగారిని కూడా నమ్మించాడట అని బజారంతా నవ్వుకున్నారు. చూడటానికి వచ్చేవాళ్ళు మానేశారు. ఒక మాజీ శిష్యుడు పనిగట్టుకుని వచ్చి మీరు కూడానా మాస్టారూ అనేసి వెళ్ళాడు. ఈ వేసవి ఎన్నికలకు ఆయన యథాప్రకారం సంచీ పట్టుకెళితే, స్టేషను రైటరు అసలుది కూడా తెచ్చారా అని వెక్కిరించాడు. "అన్నీ నకళ్ళేనండీ" అని రసీదు తీసుకుని వచ్చేశారు. నాకు మాత్రం ఒళ్ళు కుతకుతలాడిపోయేది. గొడవ సద్దుమణిగింది కదండీ, ఇకనైనా నిజం చెప్పేయండి, ఆ మ్యూజియం ఆయనకైనా చెప్పండి అని ఎన్నోమార్లు పోరాను. చివరికి ఒకరోజు నామీద విసుక్కున్నారు. జన్మకల్లా ఆ ఒక్కసారే విసుక్కున్నారు.

"పేపర్లో పడితే కేసు మళ్ళీ లేస్తుంది మాస్టారూ. నాగేసుకి ఇద్దరు ఆడపిల్లలండీ. తుపాకీకి ఎవరున్నారు?"

ప్రాణరక్షణకు ఆడిన మాటకు అసత్యదోషం అంటదని శాస్త్రం ఘోషిస్తోంది. పండితుణ్ణి కనుక ఆ మాట ఆయనకు చెప్పాను. దోషం అంటకపోవచ్చు గాని నాకు బాగాలేదండీ అన్నారు. ఆ బాగాలేనితనాన్ని మూడేళ్ళు ఎవరికీ చూపకుండా మోశారు. బొట్టు మాత్రం దసరాకి దానికి విడిగా పెట్టడం మానేశారు. పళ్ళెంలో మిగతావాటితో కలిపేశారు. లోకం ముందు ఆడిన మాటను ఇంట్లో కూడా నిలబెట్టుకున్న మహనీయుడు.

ఆయన పోయిన పదోరోజున నాగేశ్వరరావు వచ్చాడు. భార్యనూ పిల్లల్నీ వెంటబెట్టుకుని వచ్చాడు. భోజనాల దగ్గర ఎవరో మళ్ళీ ఆ నకలు మాట ఎత్తి నవ్వబోతే, వాడు విస్తరి ముందు నుంచి లేచి నిలబడి జరిగినదంతా అందరిలో చెప్పేశాడు. చెప్పి నా దగ్గరికి వచ్చాడు. "మీరు రాయండి మాస్టారండీ. నా పేరు పెట్టే రాయండి. ఏమైతే అదే అవుద్ది. ఆయన్ని చూసి నవ్వితే నేను ఓర్చుకోలేనండీ" అన్నాడు. అందుకే ఈ వ్యాసం. ఎంత రాసినా ఇది ఆయన రుణం తీర్చలేదు. మా బల్లకు అవతలి పక్క ఖాళీ అయిపోయింది. ఆ ఖాళీ ఇక నిండదు.

ఆ రోజు అందరూ వెళ్ళాక బీరువా తలుపు తీశాను. ఆ రివాల్వరు ఎప్పటిలా చల్లగా, నిండుగా ఉంది. ఇక అడ్డేముంది, ఆ మచ్చ ఇవాళే చెరిపేద్దామని చీటీ దారం మీద చెయ్యి వేశాను. వెనక నుంచి మహాలక్ష్మమ్మగారు వచ్చారు.

"తియ్యకండి అన్నయ్యగారూ. తుపాకీ సంగతులు నాకు తెలియవు. ఆ చీటీ మాత్రం అసలుదండీ."

నేను చెయ్యి వెనక్కి తీసుకుని, ఆ ముత్యాల దస్తూరికి కాదు, మూడక్షరాల ఆ మాటకూ కాదు, అది రాసిన చేతికి నమస్కరించాను.